లాగ్‌లో 6,200 విజిట్లు, అనలిటిక్స్‌లో 540 మంది: దేన్ని నమ్మి సైటు మార్చాలి?

రాయగడ_పంపుసెట్లు:

అందరికీ నమస్కారమండి. ఒడిశాలోని రాయగడలో బోరు మోటార్లు, మోనోబ్లాక్ పంపులు అమ్మి, కాలిపోయిన మోటార్లకి వైండింగ్ చేసే దుకాణం సైటు నేను చూసుకుంటున్నాను. జయపురంలో ఇంకో దుకాణం ఉంది, దానికి విడిగా ఒక పేజీ. వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) మీద నడుస్తోంది, సీప్యానెల్ (సర్వర్‌ని చూసుకునే పేజీ) ఉన్న మామూలు షేర్డ్ హోస్టింగ్. పైన తెలుగు, ఒడియా, ఇంగ్లీషు బటన్లు ఉంటాయి, నొక్కితే అదే పేజీలో భాష మారుతుంది. ఆన్‌లైన్‌లో ఏమీ అమ్మం. చూసినవాళ్ళు ఫోన్ చెయ్యాలి, లేకపోతే మోటారు నేమ్‌ప్లేటు ఫొటో వాట్సాప్‌లో పంపాలి. సైటు పెట్టింది అందుకే.

గత నెల లెక్కలు ఇవి. సీప్యానెల్‌లోని ఏడబ్ల్యూస్టాట్స్‌లో (సర్వర్ లాగ్, అంటే సర్వర్ రాసుకునే రాకపోకల చిట్టా, చదివి లెక్కలు చూపేది) 6,200 విజిట్లు, 48,000 హిట్లు. గూగుల్ అనలిటిక్స్ 4లో 540 మంది యూజర్లు. ఊళ్ళ జాబితాలో పైన హైదరాబాద్, తర్వాత విశాఖపట్నం, భువనేశ్వర్. రాయగడ పేరు మీద 11 మందే ఉన్నారు. బౌన్స్ రేటు (వచ్చి ఏమీ చెయ్యకుండా వెళ్ళిపోయిన రాకల వాటా) మొత్తానికి 71 శాతం, ఫోన్ నంబర్లున్న పేజీకి 84 శాతం. గూగుల్ సెర్చ్‌లో సైటు ఎలా కనిపిస్తోందో చూపే సెర్చ్ కన్సోల్‌లో ఇంప్రెషన్లు (ఫలితాల్లో కనిపించిన సార్లు) 9,000, క్లిక్కులు 60.

దుకాణం ఓనరు గారు రెండు అడుగుతున్నారు. హైదరాబాద్ వాళ్ళు అంతమంది చూస్తున్నారు కదా, అక్కడ యాడ్స్ ఇద్దామా? నంబర్ల పేజీ నుంచి అందరూ వెళ్ళిపోతున్నారు కదా, ఆ పేజీ మొత్తం మార్చేద్దామా? నాకేమో అసలు ఏ లెక్క నిజమో తెలియకుండా ఏదీ ముట్టుకోబుద్ధి కావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?


గుణుపురం_సర్వర్లు:

ముట్టుకోకుండా ఆగడం మంచి పని చేశారు. మీ రెండు లెక్కలూ నిజమే, కొలుస్తున్న వస్తువులు వేరు.

ముందు హిట్లు అన్న గడిని పక్కన పెట్టేయండి. ఒక పేజీ తెరిస్తే ఆ పేజీ ఫైలు ఒక హిట్టు, అందులోని ఒక్కో ఫొటో, సీఎస్ఎస్, జావాస్క్రిప్టు, ఫాంటు ఒక్కో హిట్టు. హోమ్‌పేజీలో 25 పంపుల ఫొటోలుంటే ఒక్క మనిషి వచ్చి వెళ్ళినా 35, 40 హిట్లు పడతాయి. ఫొటోలు పెంచితే హిట్లు పెరుగుతాయి, ఫోన్లు పెరగవు.

విజిట్ల తేడాలో సింహభాగం బాట్లది, అంటే మనిషి లేకుండా సైట్లు తిరిగే ప్రోగ్రాములది. ఏడబ్ల్యూస్టాట్స్ సర్వర్ లాగ్ చదువుతుంది, వచ్చిన ప్రతి అభ్యర్థనా అందులో ఉంటుంది. గూగుల్‌బాట్, బింగ్‌బాట్ లాంటివి తమ పేరు చెప్పుకుంటాయి కాబట్టి వాటిని 'నాట్ వ్యూడ్ ట్రాఫిక్' కింద విడిగా వేస్తుంది. 'నేను క్రోమ్‌ని' అని చెప్పుకుంటూ వచ్చే స్క్రిప్టుని మాత్రం మనిషిగానే రాసుకుంటుంది. వర్డ్‌ప్రెస్ సైటు ఏదైనా సరే, లాగిన్ పేజీ మీద, ఎక్స్‌ఎమ్‌ఎల్-ఆర్‌పీసీ ఫైలు (బయటి యాప్‌లు సైటులోకి వచ్చే దారి) మీద పాస్‌వర్డ్‌లు ప్రయత్నించే స్క్రిప్టులు రాత్రీ పగలూ తగులుతూనే ఉంటాయి.

మీరే చూసుకోవచ్చు. సీప్యానెల్‌లో 'రా యాక్సెస్'లోంచి లాగ్ దింపుకుని, జిప్ విప్పి, స్ప్రెడ్‌షీట్‌లో తెరవండి. విభజన గుర్తుగా ఖాళీని పెట్టండి, కోట్ గుర్తుల మధ్య ఉన్నది విడిపోకుండా చూడండి. ఐపీ (వచ్చిన కనెక్షన్ నంబరు), సమయం, అడిగిన ఫైలు, స్టేటస్ కోడ్ (సర్వర్ ఇచ్చిన జవాబు నంబరు), బైట్లు, ఏ పేజీ నుంచి వచ్చారు, బ్రౌజర్ పేరు వరసగా నిలువు గడుల్లో పడతాయి. లాగిన్, ఎక్స్‌ఎమ్‌ఎల్-ఆర్‌పీసీ వరసలు తీసేయండి. ఒక్క నిమిషంలో 30 పేజీలు తిరిగిన ఐపీలు తీసేయండి, మనిషన్నవాడు అలా చదవడు. ఫొటోలూ సీఎస్ఎస్సూ అడక్కుండా పేజీ ఫైలు ఒక్కటే పట్టుకెళ్ళినవి కూడా చాలావరకు బాట్లే. కాకపోతే రెండోసారి వచ్చిన మనిషి ఫోన్‌లో ఫొటోలు ముందే దాచి ఉంటాయి, ఆయనా అలాగే కనిపిస్తాడు. అందుకని ఈ ఒక్క గుర్తు చూసి కొట్టేయకండి.

ఇంకో వైపు అనలిటిక్స్ తక్కువ చూపిస్తుంది. అది జావాస్క్రిప్టు నడిస్తేనే లెక్కపెడుతుంది. మునిగుడ, కాశీపూర్ లోపలి ఊళ్ళలో సిగ్నల్ ఒక గీత ఉన్నచోట పేజీ సగం వచ్చాక విసుగొచ్చి వెనక్కి వెళ్ళినవాళ్ళు లాగ్‌లో ఉంటారు, అనలిటిక్స్‌లో ఉండరు. యాడ్ బ్లాకర్ పెట్టుకున్నవాళ్ళూ అంతే. బాట్లు తీసేశాక కూడా లాగ్ లెక్క బాగా ఎక్కువగా ఉంటే సైటు బరువు మీద అనుమానం పెట్టండి.

కొలతబద్దలు కూడా వేరు. ఏడబ్ల్యూస్టాట్స్‌లో 60 నిమిషాలు కదలిక లేకపోతే తర్వాతది కొత్త విజిట్, అనలిటిక్స్‌లో 30 నిమిషాలకే కొత్త సెషన్. ఏడబ్ల్యూస్టాట్స్ మనిషిని ఐపీతో గుర్తుపడుతుంది. మొబైల్ నెట్‌వర్క్‌లో ఒకే ఐపీ వెనక ఎంతోమంది ఉంటారు, ఒకే ఫోను రోజులో నాలుగు ఐపీలు మారుతుంది. అనలిటిక్స్ కుకీతో (బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తుతో) గుర్తుపడుతుంది, కాబట్టి ఒకే మనిషి ఫోన్‌లో, దుకాణం కంప్యూటర్‌లో చూస్తే ఇద్దరవుతారు.

మీ సొంత రాకపోకలు కూడా తీసేయండి. 540లో మీరు, ఓనరు గారు, కౌంటర్లో కుర్రాళ్ళు ఎంతమందో! అడ్మిన్‌లో డేటా స్ట్రీమ్స్, అందులో మీ సైటు, 'కాన్ఫిగర్ ట్యాగ్ సెట్టింగ్స్', 'డిఫైన్ ఇంటర్నల్ ట్రాఫిక్'. అక్కడ దుకాణం వైఫై ఐపీ రాయండి. ఇక్కడితో ఆగిపోయి పని అయిందనుకుంటారు చాలామంది. అవలేదు. మళ్ళీ అడ్మిన్‌లో 'డేటా ఫిల్టర్స్'కి వెళ్తే ఆ ఫిల్టర్ 'టెస్టింగ్' అని ఉంటుంది, దాన్ని 'యాక్టివ్' చెయ్యాలి. ఒకసారి యాక్టివ్ అయ్యాక వదిలేసిన లెక్క మళ్ళీ తిరిగి రాదు, కాబట్టి ఐపీ రెండుసార్లు సరిచూసుకోండి. బ్రాడ్‌బ్యాండ్ ఐపీ మారుతూ ఉంటే ఈ ఫిల్టర్ నిలవదు. అప్పుడు దుకాణం కంప్యూటర్ క్రోమ్‌లో గూగుల్ వాళ్ళదే 'అనలిటిక్స్ ఆప్ట్-అవుట్' యాడ్-ఆన్ పెట్టేయండి.

మనుషులేం చేశారో అనలిటిక్స్‌లో చూడండి. సర్వర్ ఎలా ఉంది, ఏ లింకు విరిగింది అన్నది లాగ్‌లో చూడండి. స్టేటస్ కోడ్ గడిలో 404 (పేజీ దొరకలేదు) వరసలు, 500 (సర్వర్ తప్పు) వరసలు నెలకోసారి తప్పకుండా తిరగేయండి.


సిరోంచ_గట్టు:

అన్నా, ఊళ్ళ లెక్క సంగతి నేను చెప్త. హైదరాబాద్‌ల యాడ్స్ మాత్రం ఇప్పుడే ఇయ్యకుర్రి.

అనలిటిక్స్‌కు మనిషి ఏ ఊర్ల ఉన్నడో తెల్వది. ఐపీ అడ్రసు ఏ ఊరి పేరు మీద ఉందో చూసి రాస్తది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ అయితే జిల్లా దాక దగ్గరగ వస్తది. మొబైల్ డేటా అయితే ఫోన్ ట్రాఫిక్ ఇంటర్నెట్ల కలిసే గేట్‌వే ఏ నగరంల ఉంటే ఆ నగరం పేరు పడుతది. సరిహద్దు జిల్లాలల్ల ఇది ఇంకా చిక్కు. పార్వతీపురం దిక్కు తీసుకున్న ఆంధ్ర సిమ్ముతోని రాయగడల కూసున్న మనిషి హైదరాబాద్ కింద పడొచ్చు. ఒడిశా సిమ్ముతోని మీ పక్క సందుల ఉన్నాయన భువనేశ్వర్ కింద పడొచ్చు. మా దిక్కు గోదావరి ఇవతల మహారాష్ట్ర సిరోంచల ఉన్నోళ్ళను ముంబై అని, నాగపూర్ అని, హైదరాబాద్ అని మూడు తీర్ల చూపెడతది. గందుకే సరిహద్దుల ఉన్నోళ్ళు ఊరి పట్టిక మీద పైసలు పెట్టొద్దు. దేశం దాక నమ్మొచ్చు, రాష్ట్రం సగం నమ్మొచ్చు, ఊరు నమ్మొద్దు.

ఊరు నిజంగ తెల్వాల్నంటే ఒకటే తోవ. ఫోన్ ఎత్తినోళ్ళు 'ఏ ఊరి నుంచి మాట్లాడుతున్నరు, నంబర్ ఎక్కడ చూసిండ్రు' అని అడిగి కౌంటర్ల ఒక నోట్‌బుక్‌ల రాయాలె. తేదీ, ఊరు, ఎక్కడ చూసిండ్రు, ఏం కావాలె. నాలుగు గీతలు చాలు. నెల తిరిగేసరికి మీ దగ్గర అనలిటిక్స్ ఇయ్యలేని పట్టిక ఉంటది.

ఇగ సెర్చ్ కన్సోల్. 9,000ల 60 అంటే 0.7 శాతం కూడ లేదు, చూస్తే గాబరా అయితది. కానీ మీ ఊర్ల పేర్లు చూడుర్రి. రాయగడ అని ఇంగ్లీషుల కొడితే మహారాష్ట్రల రాయగఢ్ జిల్లా ఉంది, ఛత్తీస్‌గఢ్‌ల రాయ్‌గఢ్ ఉంది. జయపురం అయితే ఇంకా ఎక్కువ, రాజస్థాన్ జైపూర్ కోసం వెతికెటోళ్ళకు మీ పేజీ ఐదో పేజీల ఎక్కడ్నో కనబడుతది. వాళ్ళు ఎట్లా నొక్కరు. ఇంప్రెషన్ మాత్రం మీ ఖాతాల పడుతది, సగటు స్థానం కిందికి గుంజుతది. తెలుగుల రాయగడ అని వెతికెటోళ్ళల్ల ఎంతమందికో కావాల్సింది మజ్జిగౌరమ్మ గుడి, రైలు టైము. మోటారు కాదు.

గందుకని ఇట్ల చెయ్యుర్రి. పర్ఫార్మెన్స్ రిపోర్టుల పేజీ ఫిల్టర్ పెట్టి జయపురం పేజీ ఒక్కటే తీయుర్రి. కింద క్వెరీల (జనం గూగుల్‌ల కొట్టిన మాటల) పట్టిక డౌన్‌లోడ్ చేసి మూడు కుప్పలు చెయ్యుర్రి: పంపు, మోటారు, వైండింగ్ లాంటి పని మాట ఉన్నయి ఒక కుప్ప, ఊరి పేరు ఒక్కటే ఉన్నయి ఒక కుప్ప, వేరే రాష్ట్రం ఊరివి ఒక కుప్ప. లెక్క ఎట్ల మారుతదో ఒక ఉదాహరణ చెప్త. 4,000 ఇంప్రెషన్లకు 20 క్లిక్కులంటే 0.5 శాతం. అందుల 3,600 జైపూర్‌వి, వాటికి 2 క్లిక్కులు అనుకుందాం. మిగిలిన 400కు 18 క్లిక్కులు, అంటే 4.5 శాతం. పేజీ ఖరాబు కాలేదు, లెక్కల పరాయి మంది కలిసిండ్రు.

మీరు సరిచెయ్యాల్సింది టైటిలు. 'జయపురంలో బోరు మోటారు వైండింగ్, కొరాపుట్ జిల్లా, ఒడిశా' అని పని మాట ముందల, జిల్లా పేరు ఎనుక పెట్టుర్రి. అడ్రసుల పిన్ కోడ్ రాయుర్రి, జయపురంకు 764001, రాయగడకు 765001. జిల్లా, రాష్ట్రం, పిన్ ఉంటే ఇది ఏ జయపురమో గూగుల్‌కూ తెలుస్తది, చూసెటోళ్ళకూ తెలుస్తది. ఒక్కటే ఊరికి రెండు పేర్లు ఉన్నకాడ రెండూ మామూలు వాక్యంల రావాలె: బరంపురం అనెటోళ్ళున్నరు, బ్రహ్మపూర్ అనెటోళ్ళున్నరు. పర్లాకిమిడి, పారలాఖెముండి కూడ గంతే. పేజీ కింద ఊర్ల పేర్లు కుప్ప పోస్తే మాత్రం పనికిరాదు, చదివెటోళ్ళకు చిరాకు.

తెలుగు లిపిల వెతికినయి విడిగ కావాల్నంటే క్వెరీ ఫిల్టర్ల 'కస్టమ్ రెజెక్స్' (అక్షరాల నమూనాతోని వెతికేది) తీసుకొని [అ-హ] అని కొట్టుర్రి. ఏ తెలుగు మాటలనైనా అ నుంచి హ దాక ఒక్క అక్షరమన్న ఉంటది, కాబట్టి తెలుగు క్వెరీలన్నీ వస్తయి. ఒడియాకు ఆ లిపిల అ, హ అక్షరాలు గట్లనే పెట్టాలె. ఒక్కటి యాదికుంచుకోర్రి: చాల తక్కువమంది వెతికిన మాటలను గోప్యత కోసమని సెర్చ్ కన్సోల్ పట్టికల చూపెట్టది. పల్లెటూరి పేరు కలిసిన తెలుగు క్వెరీలు ఎక్కువ గందుల్నే పోతయి. క్వెరీ ఫిల్టర్ పెట్టంగనే అవి లెక్కలకెల్లి జారిపోతయి. గందుకే తెలుగు బలం చూడాల్నంటే పేజీ ఫిల్టర్‌తోని చూడాలె. దానికి తెలుగు పేజీకి వేరే అడ్రసు ఉండాలె, మీకు ఇప్పుడు లేదు.


పర్లాకిమిడి_లక్ష్మి:

బౌన్స్ రేటు చూసి నంబర్ల పేజీ మార్చకండి, దయచేసి. అది మీ సైటులో బాగా పనిచేస్తున్న పేజీ అయ్యుండొచ్చు.

అనలిటిక్స్ 4లో ఒక సెషన్ 'ఎంగేజ్డ్' అవ్వాలంటే మూడింటిలో ఒకటి జరగాలి: 10 సెకన్ల కన్నా ఎక్కువ ఉండాలి, లేదా రెండు పేజీలైనా చూడాలి, లేదా 'కీ ఈవెంట్' (మీరు ముఖ్యమని గుర్తు పెట్టిన పని) ఒకటి జరగాలి. మూడూ లేకపోతే బౌన్స్. ఇప్పుడు పొలంలో మోటారు ఆగిపోయిన రైతు మీ పేజీ తెరిచి, నంబరు కనిపించగానే ఆరో సెకన్లో నొక్కి ఫోన్ చేశాడు. మీకు అంతకన్నా మంచి విజిట్ ఉండదు. మీ ఫోన్ నొక్కుళ్ళు కీ ఈవెంటుగా పెట్టలేదు కాబట్టి అది బౌన్స్ లెక్కలోకి వెళ్ళిపోయింది. 84 శాతంలో ఇలాంటివాళ్ళు ఎందరో ఇప్పుడు చెప్పలేం, కొలవడం మొదలుపెట్టాలి.

సైటు బయటికి వెళ్ళే లింకుల్ని అనలిటిక్స్ దానంతట అదే లెక్కిస్తుంది, వాట్సాప్ లింకు వేరే డొమైన్ కాబట్టి 'అవుట్‌బౌండ్ క్లిక్' కింద ఇప్పటికే పడుతూ ఉండాలి. ఫోన్ నంబరు లింకు అలా పడదు. దానికి గూగుల్ ట్యాగ్ మేనేజర్ (ఏ నొక్కుడు లెక్కించాలో సైటుకి చెప్పే సాధనం) కావాలి.

ముందు నంబరు నిజంగా లింకేనా చూడండి. బ్యానర్ ఫొటోలో నంబరు రాసి పెట్టేస్తే ఎవరూ నొక్కలేరు, కొలవడమూ కుదరదు. లింకు 'టెల్' (tel) అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలూ కోలన్‌తో మొదలై, తర్వాత ప్లస్ 91తో నంబరు ఖాళీలు లేకుండా ఉండాలి. ట్యాగ్ మేనేజర్‌లో వేరియబుల్స్‌కి వెళ్ళి 'క్లిక్ యూఆర్ఎల్' టిక్కు పెట్టండి. ట్రిగ్గర్స్‌లో కొత్తది, రకం 'జస్ట్ లింక్స్', 'సమ్ లింక్ క్లిక్స్', షరతు: క్లిక్ యూఆర్ఎల్ ఆ టెల్ కోలన్‌తో మొదలవ్వాలి. ట్యాగ్స్‌లో కొత్త 'జీఏ4 ఈవెంట్', మీ మెజర్‌మెంట్ ఐడీ, ఈవెంటుకో పేరు. పేరులో ఖాళీలు ఉండకూడదు, 40 అక్షరాలు దాటకూడదు. ప్రివ్యూ నొక్కి ఫోన్ బటన్ మీద ఒకసారి నొక్కి చూడండి, ట్యాగ్ 'ఫైర్డ్' అని వస్తే అప్పుడు 'సబ్మిట్'. ప్రివ్యూలో బాగా పనిచేసి సబ్మిట్ మర్చిపోవడం అందరికీ జరిగే తప్పు. ఒక రోజు ఆగితే ఈవెంటు అనలిటిక్స్ జాబితాలో కనిపిస్తుంది, దాని పక్కన కీ ఈవెంట్ గుర్తు పెట్టండి. పాత రోజులకి ఇది వర్తించదు, పెట్టిన రోజు నుంచే లెక్క.

ట్యాగ్ మేనేజర్ పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. ఇప్పటికే ఏదో ప్లగిన్ ద్వారా అనలిటిక్స్ కోడ్ ఉంటుంది. దాన్ని తియ్యకుండా ట్యాగ్ మేనేజర్‌లో కూడా గూగుల్ ట్యాగ్ వేస్తే ప్రతి పేజీ వ్యూ రెండుసార్లు పడుతుంది, లెక్కలు ఒక్కసారి రెట్టింపవుతాయి. రెండింటిలో ఒకటే ఉండాలి.

ఇప్పుడు వాట్సాప్. మీ లింకు ఎవరో గ్రూపులో పెడితే అక్కడి నుంచి వచ్చినవాళ్ళు చాలావరకు 'డైరెక్ట్' కింద పడతారు, ఎందుకంటే యాప్ తన పేరు చెప్పదు. కాబట్టి మీరు పంపే లింకులకి మీరే గుర్తు తగిలించండి. గూగుల్ 'క్యాంపెయిన్ యూఆర్ఎల్ బిల్డర్'లో సోర్సు, మీడియం, క్యాంపెయిన్ మూడూ నింపితే లింకు తయారవుతుంది. అన్నీ చిన్న అక్షరాల్లోనే రాయండి, పెద్ద అక్షరంతో రాస్తే అది వేరే సోర్సుగా విడిపోతుంది. బిల్లు వెనక వేసే క్యూఆర్ కోడ్‌కి ఒకటి, గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం ప్రొఫైల్‌లో ఇచ్చే వెబ్‌సైటు లింకుకి ఒకటి, వాట్సాప్ గ్రూపులకి ఒకటి. మ్యాప్స్ లింకుకి గుర్తు లేకపోతే అది మామూలు గూగుల్ సెర్చ్‌లో కలిసిపోతుంది. సైటు లోపలి బటన్లకి మాత్రం ఈ గుర్తులు పెట్టకండి, అసలు ఎక్కడి నుంచి వచ్చారో అన్నది చెడిపోతుంది. ఏ లింకులోనూ కస్టమరు ఫోన్ నంబరు గానీ పేరు గానీ పెట్టకండి. వ్యక్తిగత వివరాలు అనలిటిక్స్‌లోకి పంపడం గూగుల్ నియమాలకే విరుద్ధం, కస్టమరు పట్ల కూడా న్యాయం కాదు.

మ్యాప్స్ ప్రొఫైల్‌లోనే ఫోన్ బటన్ నొక్కినవాళ్ళు మీ సైటుకి అసలు రారు. ఆ లెక్క బిజినెస్ ప్రొఫైల్ 'పర్ఫార్మెన్స్'లో 'కాల్స్' కింద విడిగా ఉంటుంది. రెండూ కలిపి చూడండి.


రాయగడ_పంపుసెట్లు:

చాలా చాలా థ్యాంక్సండి అందరికీ. నంబరు నిజంగానే బ్యానర్ ఫొటోలో ఉంది, కింద ఫుటర్‌లో మాత్రమే లింకు. అది ముందు మారుస్తాను.

సిరోంచ అన్నయ్య చెప్పిన వేరే అడ్రసు సంగతి కొంచెం వివరంగా చెప్పగలరా ఎవరైనా? బటన్ నొక్కితే భాష మారడం మంచిదే అనుకున్నాం. అనలిటిక్స్‌లో భాషల రిపోర్టు చూస్తే ఇంగ్లీషు 90 శాతం పైన ఉంది. మరి తెలుగు, ఒడియా పేజీలు ఎవరికీ అక్కర్లేదనుకోవాలా?


పర్లాకిమిడి_లక్ష్మి:

అలా అనుకోకండి. ఆ రిపోర్టు చూపించేది ఫోన్ సెట్టింగ్స్‌లో ఉన్న భాష. మన వైపు తెలుగు చదివేవాళ్ళూ ఒడియా చదివేవాళ్ళూ చాలామంది ఫోన్ కొన్నప్పుడు ఉన్న ఇంగ్లీషునే అలా వదిలేస్తారు. వాళ్ళు ఏ భాషలో చదవాలనుకుంటున్నారో దాన్నుంచి తెలియదు. మీ భాష బటన్ల మీద కూడా ఒక ఈవెంటు పెడితే తెలుస్తుంది, ఇంకా మంచిది పేజీలు విడదీయడం.

ఒకే అడ్రసులో జావాస్క్రిప్టుతో భాష మారితే గూగుల్ మొదట కనిపించే భాషనే ప్రధానంగా తీసుకుంటుంది. మిగతా రెండు భాషల్లో వెతికినవాళ్ళకి మీ పేజీ కనిపించే దారే ఉండదు. వర్డ్‌ప్రెస్‌లో పాలీల్యాంగ్ ఉచిత ప్లగిన్ చాలు, ఒక్కో భాషకి ఒక్కో ఫోల్డరు ఇస్తుంది. మూడు పేజీలూ ఒకదాన్నొకటి హెచ్‌రెఫ్‌ల్యాంగ్ (ఇదే పేజీ వేరే భాషలో ఎక్కడుందో గూగుల్‌కి చెప్పే గుర్తు) ద్వారా చూపించుకోవాలి, తనని తాను కూడా చూపించుకోవాలి. తెలుగు పేజీ ఒడియా పేజీని చూపించి, ఒడియా పేజీ తిరిగి చూపించకపోతే గూగుల్ ఆ జతని పట్టించుకోదు. తర్వాత సెర్చ్ కన్సోల్‌లో పేజీ ఫిల్టర్‌లో తెలుగు ఫోల్డరు పెట్టండి, తెలుగు క్లిక్కులు స్పష్టంగా కనిపిస్తాయి.

పేజీ అడ్రసులు మాత్రం తెలుగు లిపిలో పెట్టకండి. నాకు తెలుగు అడ్రసులంటే ఇష్టమే, కానీ లెక్క చూడండి. యూనికోడ్‌లో తెలుగు సంకేతం ఒక్కోటీ 3 బైట్లు, లింకులో అది 9 గుర్తులుగా మారుతుంది. 'వైండింగ్' అన్న ఒక్క మాటలో గుణింతాలూ పొల్లూ కలిపి 8 సంకేతాలు, వాట్సాప్‌లో అతికిస్తే 72 గుర్తుల శాతం చిహ్నాల తోరణం. పైగా వర్డ్‌ప్రెస్ స్లగ్‌ని (అడ్రసులో పేజీ పేరు ముక్కని) 200 గుర్తుల దగ్గర కోసేస్తుంది, అంటే 22 సంకేతాలకే అయిపోతుంది. రెండు పేజీల పేర్లు ఒకేలా తెగిపోయి చివర 2, 3 అని చేరతాయి. అడ్రసు ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా, శీర్షికా విషయమూ తెలుగులో.

పనిలో పనిగా పేజీ బరువు తగ్గించండి. తెలుగుకీ ఒడియాకీ వెబ్‌ఫాంటు దింపించక్కర్లేదు, ఆండ్రాయిడ్ ఫోన్లలో రెండు లిపులకీ ఫాంట్లు ముందే ఉంటాయి. ఫోన్‌తో తీసిన 4 ఎంబీ ఫొటోని 1,200 పిక్సెళ్ళ వెడల్పుకి తగ్గించి వెబ్‌పీలో 150 కేబీ లోపు పెట్టండి, నేమ్‌ప్లేటు అక్షరాలు అప్పటికీ చదవొచ్చు. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మొబైల్ చూసుకోండి, ముఖ్యమైన బొమ్మ లేదా మాట 2.5 సెకన్లలోపు కనిపించాలి. మీలాంటి చిన్న సైటుకి నిజమైన యూజర్ల డేటా సరిపోదని చెప్తుంది, ల్యాబ్ పరీక్ష అంకె తీసుకోండి.


బరంపురం_పట్టికలు:

ఇంతమంది ఇన్ని మంచి పనులు చెప్పారు కదా, అన్నీ ఒకే ఆదివారం చేసేయకండి. ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. నేనైతే ఈ వరసలో చేస్తాను: మొదటి వారం కొలతలు మాత్రమే. ఫిల్టరు, ఫోన్ ఈవెంటు, లింకుల గుర్తులు. తర్వాత 28 రోజులు సైటులో ఏమీ మార్చకుండా వదిలేయండి. అది మీ పాత మట్టం. బ్యానర్‌లోని నంబరు ఒక్కటీ మినహాయింపు, అది విరిగిన వస్తువు, దాన్ని బాగు చెయ్యడానికి ఆగక్కర్లేదు.

నెలకి నెల పోల్చకండి. ఒక నెలలో ఐదు ఆదివారాలు ఉంటాయి, ఇంకో నెలలో నాలుగు. 28 రోజులకి 28 రోజులు పోలిస్తే సంతరోజులూ సెలవురోజులూ సమానంగా పడతాయి. మీ వ్యాపారానికి కాలం కూడా ఉంది. ఎండాకాలంలో నీటిమట్టం దిగినప్పుడు బోరు మోటార్లు, వానలు తప్పినప్పుడు ఇంజన్లు. ఏప్రిల్ పెరిగింది జూలై తగ్గింది అంటే సైటు చెడిపోయినట్టు కాదు. వీలైతే నిరుటి అదే వారాలతో చూడండి. దానికోసం ఈరోజే ఒక పని చెయ్యండి: అడ్మిన్‌లో 'డేటా రిటెన్షన్' మొదట 2 నెలలే ఉంటుంది, 14 నెలలకి మార్చండి. మామూలు రిపోర్టులకి ఇది అడ్డు రాదు, ఎక్స్‌ప్లోరేషన్స్‌లో (మనమే తయారుచేసుకునే రిపోర్టుల్లో) పాతది తవ్వుకోవాలంటే మాత్రం ఇది లేకపోతే దొరకదు. ప్రాపర్టీ టైమ్‌జోన్ ఇండియాయేనా అదీ చూడండి.

రోజువారీగా సెర్చ్ కన్సోల్నీ అనలిటిక్స్‌నీ కలపాలని చూడకండి. సెర్చ్ కన్సోల్ రోజు అమెరికా పసిఫిక్ సమయంలో తిరుగుతుంది. మన గడియారంలో మధ్యాహ్నం 12:30కి, వాళ్ళ చలికాలంలో 1:30కి కొత్త రోజు మొదలవుతుంది. మన పొద్దుటి క్లిక్కులు అక్కడ ముందు రోజువి.

చిన్న అంకెల గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. మీకు సగటున 28 రోజులకి 30 ఫోన్ నొక్కుళ్ళు వస్తాయనుకోండి. ఇలాంటి లెక్క ఊరికే కూడా సగటుకి అటూ ఇటూ దాని వర్గమూలానికి రెట్టింపు దాకా ఊగుతుంది. 30కి వర్గమూలం దాదాపు ఐదున్నర, దానికి రెట్టింపు 11. అంటే ఏమీ మార్చకపోయినా వచ్చే 28 రోజుల్లో మామూలుగా 19 నుంచి 41 వరకు ఎంతైనా రావచ్చు. 36 వచ్చాయని కొత్త టైటిలుకి దండ వెయ్యకండి, 25 వచ్చాయని తిట్టకండి. 60 దాటితే మాట్లాడుకుందాం. చిన్న సైటులో పావు వంతు మెరుగుదలని అంకెల్లో పట్టుకోవడం నెలల పని. కాబట్టి చిన్నచిన్న రంగుల మార్పులు వదిలేసి పెద్దవి చెయ్యండి: నంబరు పైన, తెలుగు ఒడియా పేజీలు విడిగా, వైండింగ్ రేట్లు హార్స్‌పవర్ వారీగా రాసిన ఒక పేజీ.

అలాంటి పేజీలు ఇంకేం రాయాలో తెలియాలంటే, మీ సైటులో వెతికే పెట్టె ఉంటే అనలిటిక్స్ దాన్ని కూడా రాస్తుంది. వర్డ్‌ప్రెస్ వాడే అక్షరం దానికి ముందే తెలుసు. ఈవెంట్లలో 'వ్యూ సెర్చ్ రిజల్ట్స్' తెరిచి ఏ మాటలు వెతికారో చూడండి. మీ దగ్గర పేజీ లేని మాట అక్కడ మళ్ళీ మళ్ళీ కనిపిస్తే, తర్వాత రాయాల్సిన పేజీ అదే.


రాయగడ_పంపుసెట్లు:

ఫిల్టరు యాక్టివ్ చేశాను, ఫోన్ ఈవెంటు ప్రివ్యూలో ఫైర్ అయింది, సబ్మిట్ కూడా చేశాను. రిటెన్షన్ 14 నెలలు. కౌంటర్లో నోట్‌బుక్ పెట్టించాను. లాగ్‌లో 404 వరసలు చూస్తే ఒకే అడ్రసు రోజూ రెండు మూడుసార్లు కనిపిస్తోంది. ఎక్కడి నుంచి వచ్చారన్న గడి ఖాళీ. బ్రౌజర్లన్నీ ఆండ్రాయిడ్ క్రోమ్, వేర్వేరు ఐపీలు, వేర్వేరు సమయాలు. బాట్లేనా?


గుణుపురం_సర్వర్లు:

ఆ తీరు చూస్తే మనుషులే. బాటయితే ఒకే గంటలో వరసగా పది తప్పు అడ్రసులు అడుగుతుంది. ఒకే అడ్రసు, రోజుకి రెండు మూడు, అదీ వేర్వేరు ఐపీల నుంచి అంటే ఎక్కడో అచ్చయిన లింకో క్యూఆర్ కోడో అయ్యుంటుంది. పాత విజిటింగ్ కార్డు, బిల్లుబుక్కు, పంపు మీద అంటించే వారంటీ స్టిక్కరు, గోడ మీద బోర్డు, అన్నీ ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి. స్టిక్కరు అయితే మోటారు రెండో మూడో ఏళ్ళకి కాలినప్పుడు మొదట చూసేది దాన్నే, కాబట్టి అవి మీకు దొరికే అసలైన రిపేరు గిరాకీ.

ఈరోజే 'రీడైరెక్షన్' ప్లగిన్‌లో ఆ అడ్రసుని వైండింగ్ పేజీకి 301తో (అడ్రసు శాశ్వతంగా మారిందని చెప్పే జవాబుతో) తిప్పండి. హోమ్‌పేజీకి తిప్పకండి, వాళ్ళకి కావాల్సింది మళ్ళీ వెతుక్కోవాల్సి వస్తుంది. తిప్పే గమ్యం లింకుకి లక్ష్మి గారు చెప్పిన గుర్తు తగిలించండి, సోర్సు స్టిక్కరు, మీడియం క్యూఆర్ అని. తర్వాత లాగ్‌లో ఆ వరస 404 నుంచి 301కి మారిందో లేదో రెండు రోజులాగి చూడండి. మారకపోతే కాష్ ప్లగిన్ (పేజీల కాపీలు దాచి ఇచ్చేది) పాత పేజీనే ఇస్తోందని అర్థం, దాన్ని ఒకసారి ఖాళీ చెయ్యాలి.